రమణికి, అన్నయ్య రిటైర్‌మెంట్ వేళ

సోంపేట

ప్రియమైన రమణీ,

అన్నయ్య రిటైర్‌మెంట్ కార్డు వాట్సాప్‌లో చూశాను. చాలా సంతోషంగా ఉంది. కానీ అత్తయ్యకు మొన్ననే మోకాలి ఆపరేషనైంది, ఆవిణ్ణి వదిలి కాకినాడ దాకా రాలేను. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు సభలో అన్నయ్యను అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాలి కూడా. నాకు మాత్రం ముందు నీకు దండం పెట్టాలని ఉంది. ఎందుకో తిత్లీ రోజుల నుంచి చెబుతాను.

తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. దేవీ నవరాత్రులు మొదలైన మర్నాడే. పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి బయటికొచ్చి చూస్తే నువ్వు పుట్టి పెరిగిన ఉద్దానం ఆనవాలు లేదు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. చెట్టు కింద తీగ, తీగ కింద విరిగిన స్తంభం. మనకి కరెంటు లేదంటే ఫ్యాను తిరగదని కాదు కదా, ట్యాంకుకి నీళ్లెక్కవని. కిడ్నీ జబ్బు లేని వీధి లేని ప్రాంతం మనది. మంచినీళ్లకీ, డయాలసిస్ మిషనుకీ కూడా కరెంటే ఆధారం.

దసరాకి అల్లుడు అత్తారింటికి రావడం మన ఆనవాయితీ. ఆ ఏడు మన ఊరల్లుడు, నేను అన్నయ్యా అని పిలిచే మీ ఆయన, భుజాన తాడూ చేతిలో ప్లయరూ పట్టుకుని వచ్చారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కరెంటు పనివాళ్ల గ్యాంగులతో పాటు స్కూలు గదిలో పడుకున్నారు. మీ అమ్మ ఇంటికి రమ్మంటే, ‘మా వాళ్లంతా ఇక్కడుంటే నేనొక్కణ్ణీ ఎలా వస్తానత్తయ్యా’ అన్నారట. దాంతో మీ అమ్మే మా అందరినీ కూడగట్టి, అన్నం పప్పు వండించి స్కూలుకి మోయించింది.

అన్నయ్య మన వీధిలోకి రాగానే ముందడిగిన మాట నాకింకా గుర్తే. ‘ఊళ్లో జనరేటర్లు ఎవరెవరింట్లో ఉన్నాయి?’ అన్నారు. నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పారు. ఎవరైనా ఇంటి వైరింగు లైను నుంచి విడదీయకుండా జనరేటర్ వేస్తే, ఆ కరెంటు ఎదురు నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. అవతలి వైపు అదే 11 వేల వోల్టులవుతుంది. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపేశారు కదా అని స్తంభమెక్కిన మనిషి ప్రాణం ఎవరింటి జనరేటర్ వల్లో పోతుంది. ఆయన ఇంటింటికీ తిరిగి మెయిన్ స్విచ్చిలు తీయించి, లైనుకి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాకే పైకెక్కారు. ఇక్కడ కింద నిలబడి చూస్తున్న మాకే గుండె గొంతులో ఉంది. కాకినాడలో నీ సంగతేమిటి?

నువ్వే ఒకసారి చెప్పావు. పొద్దుపోయాక అన్నయ్య ఫోన్ ఎత్తకపోతే నేరుగా సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కి చేసి, ‘ఎల్‌సీ తిరిగిచ్చేశారా బాబూ?’ అని అడిగేదానివట. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, సరఫరా ఆపించి లైను మీద పనిచేయడానికి తీసుకునే అనుమతి. అది తీసుకున్న మనిషే పని ముగించి, కిందికి దిగి, దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇచ్చేశారంటే మనిషి నేల మీదున్నట్టే. ఇంజినీర్లు పెట్టుకున్న ఆ నియమంలో నీ ధైర్యాన్ని వెతుక్కున్నావు. తిత్లీకి ఆ దారి కూడా లేకపోయింది. ఇక్కడ సెల్ టవర్లు పనిచేయలేదు. మా తమ్ముడు హైవే మీద సిగ్నల్ దొరికిన చోట ఆగి ‘బావ క్షేమం’ అని చెబితే, నువ్వు అవతల ‘సరేరా’ అని మాత్రం అన్నావట. ఆ దసరాకి పిల్లలకి కొత్త బట్టలు తొడిగి, గుడికి తీసుకెళ్లి, నాన్నేడని అడిగితే అమ్మమ్మ ఊరికి దీపాలు పెట్టడానికి వెళ్లారని చెప్పావట. ఇది నీ చిన్నదే నాకు చెప్పింది.

మోటారు ఆడి ట్యాంకు నిండిన రోజు ఊరంతా అన్నయ్యకి చేతులెత్తి మొక్కింది. ఆ మొక్కులో సగం నీది రమణీ. ఆలస్యంగానైనా అందుకో.

ఇంకో మాట. స్తంభాలకి గోతులు తవ్వి, బురదలో వాటిని భుజాల మీద మోసింది కాంట్రాక్టు కూలీలు. వాళ్లకి రిటైర్‌మెంటు సభలుండవు, పెన్షనూ ఉండదు. వాళ్లింట్లోనూ ఒక ఆడమనిషి ఎదురుచూసే ఉంటుంది. ఇప్పుడు మార్చి 4న లైన్‌మన్ దివస్ జరుపుతున్నారు, మంచిదే. ఆ వేదిక మీదికి ఈ ఇళ్లవాళ్లనీ పిలవాలని నా కోరిక. అన్నయ్య పెద్దవాళ్లకి చెబితే వింటారేమో.

సభలో నిన్నూ పక్కన కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. మైకిస్తే ‘నాకేం మాటలు రావు’ అని తప్పించుకోకు. సబ్‌స్టేషన్‌కి చేసిన ఫోన్ల సంగతి చెప్పు. అన్నయ్యతో పనిచేసిన కుర్రాళ్లంతా అక్కడే ఉంటారు, వాళ్ల భార్యలూ వస్తారు. వాళ్లు వినాలి.

చీర కొరియర్‌లో పంపాను, బుధవారానికి అందుతుంది. ఆకుపచ్చదే. ఆ రోజు అదే కట్టుకో. పిల్లలకి దీవెనలు, అన్నయ్యకి నమస్కారాలు.

నీ
పద్మ