పూరీ క్షేత్రంలో మూడు తాళపుచెవులు

విశాఖపట్నం నుండి పూరీకి వెళ్ళే రైలుమార్గం పలాస, బరంపురం మీదుగా సాగి, చిల్కా సరస్సు అంచును ఒరుసుకొంటూ ఖుర్దా రోడ్ జంక్షన్ చేరి, అక్కడి నుండి సముద్రం వైపు మళ్ళుతుంది. మన సంస్థ కంప్యూటర్ విభాగానికి చెందిన మేము ఏడుగురం రెండు రోజుల సెలవుపై ఈ దారిన బయలుదేరాము. తెలుగువారికి ఇది పరాయి దేశ యాత్ర కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం పరిసరాలను ఏలిన తూర్పు గాంగ వంశీయుడైన అనంతవర్మ చోడగంగదేవుడే 12వ శతాబ్దంలో నేటి జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్నాడు.

బడదండ అనే విశాలమైన రథవీధి మనల్ని సింహద్వారం ముంగిట నిలుపుతుంది. ఎదుట కోణార్క నుండి తెచ్చి ప్రతిష్ఠించిన అరుణస్తంభం. ద్వారం దాటగానే బైసి పహాచ అని పిలిచే 22 మెట్లు. మొబైల్ ఫోన్లు, తోలు వస్తువులు వెలుపలే అప్పగించి, చీటీ పుచ్చుకొని లోనికి వెళ్ళాలి. మాతో వచ్చిన భద్రతాధికారి గారు ఆ చీటీని రెండు మార్లు చదువుకొని జేబులో భద్రపరచుకొన్నారు. దర్శనానంతరం ఆనంద బజారులో కూర్చొని మట్టికుండలలోని మహాప్రసాదాన్ని అందరం పంచుకొన్నాము.

జగమోహనానికి ఉత్తరాన ఉన్న రత్నభండారం గురించి మా పండా గారు చక్కని తెలుగులో వివరించారు. దానికి వెలుపలి గది, లోపలి గది అని రెండు భాగాలు. వెలుపలి గదికి మూడు తాళపుచెవులు. ఒకటి గజపతి మహారాజు వారి వద్ద, ఒకటి ఆలయ పరిపాలనాధికారుల వద్ద, మూడవది భండార్ మేకాప్ అనే సేవకుని వద్ద ఉంటాయి. ముగ్గురూ కూడితేనే తలుపు తెరుచుకొంటుంది. లోపలి గది తాళపుచెవులు జిల్లా ఖజానాలో ఉండవలసినవి.

అక్కడే చిక్కు వచ్చింది. 1978లో ఆభరణాల జాబితా తయారైన పిదప లోపలి గది ద్వారం చాలా అరుదుగా తెరుచుకొన్నది. 2018 ఏప్రిల్‌లో కట్టడం స్థితిని పరిశీలింపవచ్చిన బృందం లోపలి గదిని ఊచల గుండా వెలుగు ప్రసరింపజేసి చూసి వెనుదిరిగింది. తాళపుచెవులు కనబడుటలేదన్న సంగతి తరువాత బయటపడింది. ఆ ఏడు జూన్‌లో నకలు తాళపుచెవులున్న కవరు ఒకటి రికార్డు గదిలో దొరికింది. ప్రభుత్వం న్యాయ విచారణ సంఘాన్ని నియమించింది. 2024 జూలై 14న గదిని తెరవబోగా ఆ నకలు చెవులు పనిచేయలేదు. మేజిస్ట్రేటు సమక్షంలో తాళాలు పగులగొట్టవలసి వచ్చింది.

ఆ సాయంత్రం సముద్రతీరాన ఇసుకలో కూర్చున్నప్పుడు మా మాటలన్నీ ఈ తాళాల చుట్టూనే తిరిగాయి. మా భద్రతాధికారి గారికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్యే. ఎవరి ఖాతా వారికుంటే ఉమ్మడి పాస్‌వర్డుతో పనిలేదు. కాని రౌటర్లకు, కొన్ని పాత యంత్రాలకు ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డు ఉంటాయి. వాటిని ఆయన సంకేతలిపిలో దాచే పాస్‌వర్డ్ వాల్టులో ఉంచారు. ప్రతివారూ తమ సొంత పాస్‌వర్డుతో, ఓటీపీతో అందులో ప్రవేశిస్తారు. ఎవరు, ఎప్పుడు, దేనిని తెరిచారో అందులో నమోదవుతుంది.

“మూడు చెవులూ ఉంటేనే తెరుచుకొనే తాళం దొంగను ఆపుతుంది, కాని ఒక్కటి పోయినా మనల్ని కూడా ఆపుతుంది” అన్నారాయన. దీనికి గణితంలో ఒక ఉపాయమున్నది. రహస్యాన్ని ఐదు భాగాలు చేసి, వాటిలో ఏ మూడు కలిసినా అది బయటపడేటట్లు, రెండింటి వల్ల ఏమీ తెలియకుండునట్లు అమర్చవచ్చునని ఆది షామిర్ 1979లో నిరూపించాడు. మన వాల్టు మూలపు తాళం ఈ విధంగానే ఐదుగురు అధికారుల వద్ద ఉన్నది.

మా బృందంలో పెద్దవారు, వచ్చే మార్చి నెలాఖరుకు పదవీ విరమణ చేయనున్నవారు ఒకరున్నారు. వేబ్రిడ్జి కంప్యూటరు పాస్‌వర్డు ఆయనకొక్కరికే తెలుసు. “ఇన్నేళ్ళు కాపాడాను, ఇప్పుడు నా మీద నమ్మకం లేదా బాబూ?” అన్నారు నొచ్చుకొని.

భద్రతాధికారి గారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “గజపతి వారి మీద నమ్మకం లేకనా అండీ మూడు చెవులు పెట్టారు? మీరు మనవలతో నిద్రపోయే వేళ, లారీలు గేటు దగ్గర ఆగిపోయాయని మీకు ఫోను రాకూడదు. అదే నా దిగులు” అన్నారు. పెద్దాయన చాలాసేపు అలలవైపు చూసి, సోమవారం వస్తానన్నారు.

ఆ సోమవారమే వేబ్రిడ్జి పాస్‌వర్డు వాల్టులో చేరింది. నకలు ఒకటి కాగితంపై వ్రాసి, కవరు అంటించి, అతుకుపై ఇద్దరు సంతకాలు చేసి, ఆర్థిక విభాగపు ఇనుప బీరువాలో ఉంచారు. ఎవరైనా బదిలీ అయినా, విరమించినా అదే రోజు మార్చాలన్నది నియమం. ఊరికే నెలనెలా మార్పిస్తే జనం చీటీలపై వ్రాసుకొంటారు. కారణం లేని ఆ ఆనవాయితీ వద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే సూచించింది. అన్నింటికన్న ముఖ్యం, మూడు నెలలకొకమారు కవరు విప్పి, ఆ పాస్‌వర్డుతో నిజంగా లోనికి వెళ్ళి చూడడం. ఆపై క్రొత్తది పెట్టి మళ్ళీ సీలు వేయడం. తొలి పరీక్షను పెద్దాయన చేతనే చేయించాము. పక్కన నిలబడి నేర్చుకొన్నవాడు నిరుడు చేరిన కుర్రవాడు.

పూరీ వెళ్ళదలచిన సహోద్యోగులకు మా మనవి: రథయాత్ర రద్దీ లేని రోజులలో వెళ్ళండి, మహాప్రసాదం తప్పక స్వీకరించండి. బయలుదేరేముందు మీకొక్కరికే తెలిసిన తాళం ఏదైనా మీ విభాగంలో ఉన్నదేమో చూసుకొనండి.