ఫజర్ దాకా ధూప్

పోయిన డిసెంబరులో ఒకరోజు, ఫజర్ అజాన్‌కి ఇంకా పావుగంట ఉందనగా అమ్మీ కేక విని ఉలిక్కిపడి లేచాను. గుసుల్‌ఖానా గుమ్మంలో గోడకి ఆనుకుని, కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. లోపల బకెట్లో హీటర్ రాడ్డు ఇంకా సన్నగా బుసకొడుతోంది. స్విచ్ ఆపకుండానే, నీళ్లు వేడెక్కాయో లేదోనని వేళ్లు పెట్టి చూసిందట. అల్లాహ్ ఖైర్ చేశాడు, షాక్ చేతిని కొట్టి వదిలేసింది. "కుఛ్ నై హువా బేటా, తూ సోజా" అంది. ఆ చెయ్యి మాత్రం జుహర్ దాకా వణుకుతూనే ఉంది.

ఆ రోజే రాడ్డుని అటకెక్కించాను.

రాజమండ్రిలో చలేంటని నవ్వకండి. మే నెలలో మా ఊరు కొలిమి, ఒప్పుకుంటాను. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గోదారి మీంచి వచ్చే గాలి డెబ్బై రెండేళ్ల మోకాళ్లకి ఎలా తగులుతుందో ఆ మోకాళ్లనే అడగాలి. చల్లటి నీళ్లతో చెయ్యి అంటే అమ్మీ చేస్తుంది. కష్టమైన వేళ కూడా వజూ పూర్తిగా చేసుకుంటే దర్జాలు పెరుగుతాయన్న హదీస్ ఆమెకి తెలుసు. కష్టం వస్తే ఓర్చుకోమన్నారు గానీ, కొడుకు చేతిలో ఉన్న ఆసానీని వదిలేసి కష్టాన్ని వెతుక్కోమనలేదు కదా! గ్యాస్ మీద కాచుకోమంటే, "రెండు చెంబుల నీళ్లకి సిలిండర్ వెలిగించాలా?" అంటుంది. ఆమె జహేజ్‌లో వచ్చిన తాంబే కా హండా ఇంకా ఉంది. మా చిన్నప్పుడు పెరట్లో కొబ్బరి డొక్కలూ చిప్పలూ వేసి అందులోనే కాచేవాళ్లం. ఇప్పుడు పెరడు లేదు, డొక్కలు లేవు. హండా బియ్యం డబ్బా అయింది.

ఈ సంగతి మామూకి చెప్పాను. మామూది కడియం వెళ్లే దారిలో కబాడీ దుకాణం. "రా, నీకొకటి చూపిస్తా" అన్నారు. 2015 పుష్కరాలప్పుడు ఒక లాడ్జి మీద పెట్టిన సోలార్ వాటర్ హీటర్లట. ఇప్పుడా లాడ్జి పడగొడుతున్నారు. రెండు పలకలు, ఒక్కోటీ మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, గోడకి చేరేసి ఉన్నాయి. పక్కనే తుప్పుపట్టిన టాంకీ. మామూ కుర్రాడు సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అద్దం పగలగొట్టి లోపలి రాగి తీస్తే తూకానికి డబ్బులొస్తాయి. కబాడీవాళ్లకి ఈ పలక అంటే రాగి, అంతే.

"మామూ, ఇవాళ్టికి ఆపండి" అన్నాను.

ఆ పలక లోపల ఏముందో ఆ రోజే చూశాను. పైనా కిందా రెండు అడ్డ గొట్టాలు, వాటి మధ్య నిలువుగా తొమ్మిది సన్నటి రాగి గొట్టాలు, వాటికి అతికించిన నల్లపూత రేకు. మీద గట్టి అద్దం, అడుగున వేడి పోకుండా దూది లాంటి పొర. మోటారు లేదు, కరెంటు లేదు. ఎండకి గొట్టాల్లో నీళ్లు వేడెక్కి తేలికై పైకి, టాంకీలోకి పోతాయి. టాంకీ అడుగున ఉన్న చల్లటి నీళ్లు బరువుగా కిందికి దిగుతాయి. సాయంత్రం దాకా ఇదే తవాఫ్.

పాతది కొంటే ఏం చూడాలో ఒక ప్లంబర్ భాయ్ చెప్పాడు. అద్దం లోపలి వైపు చెమ్మ ఉంటే గొట్టం కారుతూ ఉండొచ్చు. నల్లపూత తెల్లగా పొట్టు లేచిపోతే ఎండని సరిగా పట్టదు. రెండు పలకల్లోనూ నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, రాత్రంతా వదిలేశాం. పొద్దున్నకి ఒకటి తడిసి ఉంది. అది సుత్తికే పోయింది. రెండోది నిలిచింది. కొత్తదానిలో సగం కూడా కాని డబ్బుకి మామూ ఇచ్చారు, అదీ బలవంతంగా చేతిలో పెడితే పుచ్చుకున్నారు.

ఇంటికి తెచ్చాక అసలు సవాల్ అమ్మీ నుంచి వచ్చింది. "ధూప్ మే గరమ్ హువా సో పానీ? నక్కో బేటా. దాంతో వజూ మక్రూహ్ అని మా అమ్మ చెప్పేది."

నేను నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఆ మాట వట్టిది కాదు. షాఫయీ మజ్‌హబ్ కితాబుల్లో ఎండకి కాగిన నీళ్ల మీద పెద్ద బహస్ ఉంది. వేడి దేశంలో, లోహపు గిన్నెలో ఎండకి కాగిన నీళ్లు వేడిగా ఉండగానే ఒంటికి వాడితే మక్రూహ్ అన్నారు. ఎండకి లోహం నుంచి ఏదో జిడ్డు నీళ్లలోకి దిగి బర్స్, అంటే తెల్లమచ్చలు, వస్తాయని భయం. వెండి, బంగారు గిన్నెలకి ఈ భయం లేదన్నారు. అదే మజ్‌హబ్‌కి చెందిన ఇమామ్ నవవీ దీనికి గట్టి దలీల్ లేదని, మక్రూహ్ కాదనే వైపు మొగ్గారు. మనవైపు ఎక్కువమంది హనఫీలం. మస్జిద్‌లో మౌలానా సాబ్‌ని అడిగితే, "నీళ్లు పాక్, వజూ దురుస్త్, అమ్మీకి నా సలామ్ చెప్పు" అన్నారు.

అమ్మీ విని తల ఊపింది. "అచ్ఛా. మరి ఆ గొట్టాల్లో పదేళ్ల నుంచి ఏమేం పేరుకుందో మౌలానా సాబ్ చూశారా? పాత దేగ్చీ కొంటే కలాయి పెట్టించకుండా పొయ్యెక్కిస్తామా?"

జర్నలిస్టుగా ఇరవై ఏళ్లలో నేను వెయ్యని ప్రశ్న అది. ఆ లాడ్జిది బోరు నీళ్లు. మా డెల్టాలో బోరు నీళ్లు కాగితే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. పది లీటర్లకి అర కిలో చొప్పున నిమ్మ ఉప్పు కలిపి గొట్టాల్లో నింపాం. కాసేపటికి బుసబుసా నురగ. వదిలితే మజ్జిగలా తెల్లటి నీళ్లు వచ్చాయి. తేటగా వచ్చేదాకా మూడుసార్లు నింపి వదిలి, ఆ తర్వాత మంచినీళ్లతో రోజంతా కడిగాం. అమ్మీ కుర్చీ వేసుకుని కూర్చుని చూసింది. వజూలో కుల్లీ ఉంది, ముక్కులోకి నీళ్లు ఎక్కించడం ఉంది. పాత అతుకుల్లో ఏ లోహం కలిసిందో మనకి తెలీదు కాబట్టి కుల్లీకి విడిగా నల్లా నీళ్ల చెంబు పెట్టుకుంటానంది. వంటకీ, తాగడానికీ ఈ నీళ్లు వాడకూడదని ఇంట్లో నియమం.

టాంకీ మాత్రం పాతది తేలేదు. రాగి గొట్టాల్లో తిరిగిన నీళ్లు జింకు పూసిన ఇనప టాంకీలో చేరితే రెండు లోహాలకీ పడక టాంకీ త్వరగా తినేస్తుంది. లాడ్జి టాంకీకి జరిగింది అదే. కొత్తది వంద లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలుది కొన్నాను. ఉప్పు నీళ్లు స్టీలుని కూడా గుచ్చుతాయి. నరసాపురం, అంతర్వేది వైపు బోరు నీళ్లు వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

డాబా మీద పెట్టేటప్పుడు దిక్కు చెప్పింది అమ్మీనే. ఖిబ్లా వైపు నిలబడి ఎడమచెయ్యి చాపింది. "ఇదే దక్షిణం" అంది. చలికాలం ఎండ కోసం పలకని సుమారు ముప్పై డిగ్రీలు వాల్చాం. నీళ్లే వంద కిలోలు కాబట్టి స్టాండు కాళ్లు గోడ మీదికి వచ్చేలా చూశాం.

ఇక్కడే నేను కక్కుర్తి పడ్డాను. ఎత్తు స్టాండుకి డబ్బెందుకని టాంకీని పలక పక్కనే, దాదాపు అదే ఎత్తులో పెట్టించాను. సాయంత్రం మగ్రిబ్‌కి నీళ్లు పొగలు కక్కాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఫజర్‌కి అమ్మీ నల్లా తిప్పితే చల్లటి నీళ్లు. ఒక్క మాట అనలేదు. ఆ నీళ్లతోనే వజూ చేసుకుంది. అదే నన్ను ఎక్కువ కోసింది.

ఎందుకలా అయిందో కనుక్కుంటే, టాంకీ అడుగు పలక పై అంచు కన్నా ఓ అడుగైనా ఎత్తులో ఉండాలట. లేకపోతే రాత్రి తవాఫ్ తిరగబడుతుంది. పలకలో నీళ్లు చల్లారి కిందికి దిగి, టాంకీలోని వేడి నీళ్లని లాక్కుంటాయి. పగలు పోగు చేసిన ధూప్‌ని రాత్రి ఆకాశానికి తిరిగి ఇచ్చేస్తుంది.

ఈ చిక్కు పాతదే. 1891లో అమెరికాలో క్లారెన్స్ కెంప్ పేటెంట్ తీసుకున్న సోలార్ హీటర్లో నీళ్ల టాంకీలే అద్దం పెట్టెలో ఉండేవి. మధ్యాహ్నానికి వేడి, తెల్లారేసరికి చల్లన. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ టాంకీని విడదీసి, పైన పెట్టి, వేడి పోకుండా చుట్టూ పొర కట్టాడు. దానికి 'డే అండ్ నైట్' అని పేరు పెట్టాడు. లాడ్జికి వేడి నీళ్లు ఎనిమిదింటికి కావాలేమో. మనకి సూరజ్ రాకముందే కావాలి. అందుకే నమాజీ ఇంట్లో పలక కన్నా టాంకీ ముఖ్యం. పలక పాతదైనా ఫర్వాలేదు, ధూప్‌ని దాచిపెట్టే టాంకీ, దాని చుట్టూ ఉన్న పొర, దాని ఎత్తు గట్టిగా ఉండాలి.

స్టాండు ఎత్తు పెంచి, గొట్టాలకి కూడా పొర చుట్టించాను. మర్నాడు ఫజర్‌కి వేడి నీళ్లు వచ్చాయి. అల్‌హందులిల్లాహ్.

హిసాబ్ కూడా చెప్తాను. వంద లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి కరెంటైతే దాదాపు నాలుగు యూనిట్లు. మంచి ఎండ రోజున ఆ మేరకు మిగిలినట్టే. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి, ఆ రోజుల్లో గ్యాసే దిక్కు. అలా రోజుల తరబడి గోరువెచ్చగా నిలిచిన నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి ఎండ రాగానే ఒకసారి టాంకీ ఖాళీ చేస్తాం. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ చలికాలంలోకి వస్తోంది. 2030లో జనవరి మొదట్లో ఒకటి, డిసెంబరు చివర్లో మళ్లీ ఒకటి. సహరీకి లేచే మన పెద్దవాళ్లకి వేడి నీళ్లు అవసరమయ్యే రోజులే ముందున్నాయి. కాబట్టి మీ దగ్గర్లో ఏ లాడ్జో హాస్టలో పడగొడుతుంటే, సుత్తి పడకముందే ఒకసారి వెళ్లి చూడండి.

అమ్మీ ఇప్పటికీ నల్లా కింద ముందు రెండు వేళ్లు పెట్టి చూస్తుంది. ఆ అలవాటు పోలేదు. ఎండాకాలం ఈ నీళ్లు చెయ్యి కాల్చేంత వేడెక్కుతాయి. అందుకే ఈసారి చల్లనీళ్లు కలిపే నల్లా పెట్టించాలి, మార్చి లోపే.