అమ్మకు ఎర్ర మందు

అమ్మకు రొమ్ము క్యాన్సర్. పెద్దలెవరూ బడి గడప తొక్కని ఇల్లు మాది. మందుల చీటీ చదివి చెప్పేది తమ్ముడూ నేనూ. అమ్మను హాస్టల్ వెనక వీధిలో గదిలో ఉంచాం.

21 రోజులకోసారి కీమో. అందులో డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు. ఆ సాయంత్రం మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని అమ్మ వణికింది. మందు రంగేనని నర్సమ్మ చెప్పాకే అన్నం ముట్టింది. మూడోవారం జుట్టు దువ్వెనకు వచ్చేసింది. దానికి ఏడవలేదు, కూలికి పోలేనందుకు ఏడ్చింది. నోటిపూతకు ఉప్పు, వంటసోడా నీళ్ళు పుక్కిలింపించాం.

అసలు భయం జ్వరం. తెల్లకణాలు పడిపోయే రోజుల్లో 100.4 డిగ్రీలొస్తే మాత్ర వేసి ఇంట్లో ఉంచొద్దన్నారు. ఓ అర్ధరాత్రి 101 చూపింది. ఆటోకు డబ్బుల్లేవు. మన హాస్టల్ మిత్రులే లేచి తలా కాస్త వేశారు.

తెల్లారి సెలైన్ ఎక్కుతుండగా అమ్మ కళ్ళు తెరిచింది. “పరీక్ష ఫీజు కట్టార్రా?”