నాన్న పదకోశమూ, ఒక మిథ్యాయంత్రమూ

ఈ టపా సగం సాంకేతికం, సగం సొంతగోడు. సాంకేతికం రుచించనివారు మధ్యలో నాలుగు పేరాలు దాటుకుని పోవచ్చు. సొంతగోడు రుచించనివారికి మాత్రం నేను చేయగల సాయమేమీ లేదు.

మా నాన్న తెలుగు ఉపాధ్యాయులు. సూర్యాపేటలో ఇల్లు, ఉద్యోగమంతా కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో. సాగర్ ఎడమ కాలువ కింద వరి తప్ప మరో మాట వినిపించని ఊళ్ళవి. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆయన వరిసాగు మాటలను చీటీల మీద రాసుకునేవారు. నారుమడి, కల్లం, తాలు, గుమ్మి వంటి మాటలు నిఘంటువుల్లో లేవని కాదు. ఏ ఊళ్ళో ఎవరు ఏ సందర్భంలో అన్నారో, ఆ వాక్యంతో సహా రాసుకోవడం ఆయన పద్ధతి. పదవీ విరమణ చేశాక, 2001లో, ఆ చీటీలన్నీ అకారాది క్రమంలో పెట్టి సూర్యాపేటలో ఒక డీటీపీ కేంద్రంలో కూర్పించారు. ఆపరేటరు ఆయన పాత శిష్యుడే. అచ్చుకు డబ్బు సమకూరలేదు. 2011లో నాన్న పోయారు. చీటీల కట్టలు, ప్రూఫు కాగితాలు చెదల పాలయ్యాయని ఇల్లు అమ్మేటప్పుడు గానీ తెలియలేదు.

అంటే ఆ పుస్తకం ఈ లోకంలో ఉన్నదంటే ఒకేచోట ఉండాలి: ఆ డీటీపీ కేంద్రపు హార్డ్‌డిస్కులో.

గత వేసవిలో వెతుక్కుంటూ వెళితే, ఆ కేంద్రం మూతపడి చాలా ఏళ్ళయింది. ఆపరేటరు ఇప్పుడు కోదాడలో జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, "సారు పుస్తకమా? అది నా పాత సిస్టంల ఉండె. దాన్ని మిర్యాలగూడ రైస్‌మిల్లుకు లెక్కల కోసం అమ్మిన. నేనైతే ఏం తుడిపెయ్యలే అన్నా" అన్నాడు. ఆ చివరి వాక్యం పట్టుకుని హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సులో మిర్యాలగూడ చేరాను.

మిల్లు ఆఫీసులో ఆ సీపీయూ ఇంకా పనిచేస్తూనే ఉంది! విండోస్ 98. దాని మీద ఒక పాత లెక్కల ప్రోగ్రాము, అందులో ఏళ్ళ తరబడి ధాన్యం ఖాతాలు. మైక్రోసాఫ్ట్ వారు 2006 జూలైలోనే చేతులు దులుపుకున్న ఆ వ్యవస్థను మిల్లు గుమాస్తాగారు ఒక్కరే ఇన్నేళ్ళుగా సాకుతున్నారు. యంత్రాన్ని ఇవ్వనన్నారు. బేరం మాత్రం న్యాయమైనదే పెట్టారు. "కాపీ తీస్కోండి సారూ. కానీ ఇది సచ్చేలోపు నా లెక్కలు కొత్తదాంట్ల లేసేటట్టు చెయ్యాలె." సరేనన్నాను. డిస్కు విప్పి, యూఎస్‌బీ తొడుగు తగిలించి, 20 జీబీల ప్రతిబింబాన్ని నా ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని హైదరాబాదు వచ్చేశాను. డీడీ రెస్క్యూ అనే ఉపకరణం ముందు చదవగలిగిన చోట్లన్నీ చదివి, మొరాయించే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ముసలి డిస్కుల పట్ల చూపవలసిన మర్యాద అది.

ఇక మిథ్యాయంత్రం సంగతి. ఇనుము లేకుండా కంప్యూటరు ఎలా పుడుతుందని అడిగేవారి కోసం క్లుప్తంగా: ఒక యంత్రంలోని ప్రాసెసరు, జ్ఞాపకం, డిస్కు, తెర అన్నిటికీ సాఫ్ట్‌వేరుతో నకళ్ళు చేసి, లోపలి వ్యవస్థను నిజమేనని నమ్మించేది హైపర్‌వైజరు. దానికి తెలుగు చేయమంటే నేను పెత్తందారు అంటాను, మీరు నవ్వుతారు. ఫాబ్రిస్ బెలార్ 2003లో మొదలుపెట్టిన క్యూఎమూ ఇలాంటిదే. 2007లో లినక్సు కెర్నెల్‌లో కలిసిన కేవీఎం దానికి వేగాన్నిచ్చింది. ఇవిగాక జెన్, వర్చువల్‌బాక్స్, హైపర్‌వీ ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కో భాష. ఇన్ని భాషలు నేర్వలేని మనబోటివాళ్ళ కోసం 2005లో డేనియల్ వెయార్ లిబ్‌వర్ట్ మొదలుపెట్టారు. దానికి మనం చెప్పేది ఒకే భాష. ఏ పెత్తందారుకు ఆ యాసలో చేరవేసేది అందులోని డ్రైవరు. విచిత్రమేమిటంటే అందులో పరీక్ష కోసం ఉత్తుత్తి డ్రైవరు కూడా ఒకటుంది. ఏ యంత్రాన్నీ నడపదు, నడిపినట్టు బదులిస్తుంది. నేను ఆజ్ఞలన్నీ మొదట దాని మీదే సాధన చేశాను. ఆ బుద్ధి చివరిదాకా ఉండి ఉంటే ఈ టపా ఇంకోలా ఉండేది.

లిబ్‌వర్ట్‌లో యంత్రమంటే ఒక ఎక్స్ఎంఎల్ పాఠం. జ్ఞాపకం ఇంత, డిస్కు ఈ రకం, తెర ఈ రకం అని రాసి, విర్ష్ అనే ఆజ్ఞాపీఠంలో "డిఫైన్" అంటే యంత్రం నమోదవుతుంది, "స్టార్ట్" అంటే లేస్తుంది. నేను ఆధునికంగా ఉండాలని యంత్రం రకం క్యూ35 అని రాశాను. దానికి ఐడీఈ డిస్కు తగిలిస్తే ఆ రకానికి ఐడీఈ చెల్లదని లిబ్‌వర్ట్ మొహం మీదే చెప్పింది. వయసుకు తగ్గ సంబంధం చూడాలి కదా! పాత రకమైన "పీసీ"కి మారాను. జ్ఞాపకం 256 ఎంబీ చాలన్నాను. విండోస్ 98కి 512 దాటితే అజీర్తి చేస్తుంది. తెరకు సిర్రస్ కార్డు, ఎందుకంటే దాని డ్రైవరు ఆ వ్యవస్థలోనే ఉంది. ఏసీపీఐ తీసేశాను.

అయినా "విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్" అని ఆగిపోయింది. కారణం మొదటి పంక్తిలోనే ఉంది. అక్కడ యంత్రం జాతి కేవీఎం అని రాశాను. అలా రాస్తే లోపలి ఆజ్ఞలు నేరుగా నేటి ప్రాసెసరు మీద పరుగెత్తుతాయి, ఆ పరుగును 1998 నాటి వ్యవస్థ తట్టుకోలేదు. ఆ ఒక్క మాట మార్చి క్యూఎమూ అని రాస్తే ప్రతి ఆజ్ఞనూ సాఫ్ట్‌వేరే అనువదించి నడుపుతుంది. నెమ్మది, కాని నడుస్తుంది. మార్చాను. మేఘాల తెర వచ్చింది. కొత్త హార్డ్‌వేరు దొరికిందంటూ వరసగా ప్రశ్నలు వేసి, సీడీ అడిగింది. ఆపరేటరు ఆ క్యాబ్ ఫైళ్ళను అప్పుడెప్పుడో డిస్కులోనే దాచి ఉంచాడు. మనసులోనే దండం పెట్టుకున్నాను.

నాన్న పేరుతో ఒక ఫోల్డరు. అందులో పదకొండు పేజ్‌మేకర్ ఫైళ్ళు. మొదటిది తెరిచాను. 'అ'. ఆనాటి తెలుగు ఖతి, రెండు వరుసల కూర్పు, ప్రతి పదం కింద ఊరి పేరు. ఖతులు ఆ డిస్కులోనే ఉన్నాయి గనుక అక్షరాలు అక్షరాల్లాగే కనబడ్డాయి. ఆ రాత్రి 'అ' మాత్రమే చదివి, తక్కినవి తీరికగా చూద్దామని మూసేశాను.

మరునాడు గుమాస్తాగారి కోసం ఇంకో యంత్రం నిర్వచించాను. అసలు ప్రతిబింబాన్ని ముట్టకుండా దాని మీద పలుచని క్యూకౌ పొర వేసి, మార్పులన్నీ ఆ పొరలోనే పడేలా చేయాలన్నది బడిపిల్లలకు తెలిసిన జాగ్రత్త. నాకూ తెలుసు. ఒక్క పూట ప్రయోగానికి పొర ఎందుకులే అని డిస్కు గడిలో అసలు ప్రతిబింబం పేరే రాశాను.

విర్ష్‌లో "డిస్ట్రాయ్" అనే ఆజ్ఞ పేరు వింటే భయమేస్తుంది గాని, అది ప్లగ్గు పీకడం మాత్రమే. ఏసీపీఐ లేని విండోస్ 98 "షట్‌డౌన్" వినదు గనుక ఆ ఆజ్ఞ రోజుకు పదిసార్లు వాడేవాణ్ణి. భయపడవలసినది మెత్తని పేరున్న "అన్‌డిఫైన్". అది యంత్రపు వర్ణనను తుడిచేస్తుంది. దాని వెనక "నిల్వలన్నీ తీసేయి" అనే తోక తగిలిస్తే డిస్కునూ తుడిచేస్తుంది. పొర ఉండి ఉంటే పొర మాత్రమే పోయేది. ప్రయోగం ముగిసింది, శుభ్రం చేద్దామని తోకతో సహా కొట్టాను. రెండు సెకన్లు. అది ఒకే ఒక్క కాపీ.

చాలాసేపు ఆ తెర ముందు కూర్చున్నాను. చెదలకు కనీసం కొన్నేళ్ళు పట్టింది.

గుమాస్తాగారికి ఫోను చేస్తే, "మొన్న సోమారం నుంచి అది లేస్తలేదు సారూ. మీకే చేద్దామనుకుంటున్న" అన్నారు. మరునాడు తెల్లవారుజాము బస్సు. డిస్కు విప్పి తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు. మొదటిసారి మధ్యాహ్నానికే ముగిసిన పని ఈసారి రెండు రోజులు పట్టింది. రాత్రి మిల్లులోనే పడుకున్నాను. ఊక వాసన, హమాలీల మాటలు, గంటకోసారి లేచి చదవలేని సెక్టార్ల లెక్క చూసుకోవడం. రెండో రోజు సాయంత్రం డిస్కు పూర్తిగా ఆగిపోయింది.

ఈసారి మూడు కాపీలు, వాటిపై పొరలు. గుమాస్తాగారి లెక్కలన్నీ క్షేమం. నాన్న ఫైళ్ళలో తొమ్మిది తెరుచుకున్నాయి. చివరి రెండు, 'య' నుంచి 'హ' దాకా, తెరుచుకోలేదు. మొదటి కాపీలో అవి బాగుండేవో లేదో ఇక తేలదు, ఆ రాత్రి నేను వాటిని తెరవనే లేదు.

దొరికినదాన్ని యూనికోడ్‌లోకి మార్చే పని ఇంకా సాగుతోంది. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, పదేళ్ళ తర్వాత కూడా మన డీటీపీ అంతా సొంత సంకేతాలతోనే నడిచింది. ఆ ఖతుల్లో సంఖ్య అక్షరానికి కాదు, అక్షరపు ముక్కకు. తలకట్టుకొకటి, కొమ్ముకొకటి, వత్తుకొకటి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పత్రికల ఖతులను యూనికోడ్ చేసి చూపిన పద్మను, దాన్ని రాసిన వెన్న నాగార్జున గారిని ఈ పనిలో రోజూ తలుచుకుంటున్నాను. ముక్కల పట్టిక చేత్తో తయారుచేసుకుంటూ 'త' దాకా వచ్చాను. 'తాలు' కింద నాన్న రాసిన వాక్యం: గింజ పట్టని వడ్లను ఎగరేస్తూ ఒక ముసలామె తన కొడుకుల గురించి అన్న మాట. అది పుస్తకంగా వచ్చినప్పుడు చదువుదురు గాని.

మిల్లులో ఇప్పుడు నా పాత ల్యాప్‌టాప్ ఉంది. కరెంటు పోయి వచ్చినా లినక్సు లేవగానే మిథ్యాయంత్రం తనంత తాను లేచేటట్టు "ఆటోస్టార్ట్" పెట్టాను. హైదరాబాదులో కూర్చుని ఎస్ఎస్‌హెచ్ మీదుగా దాని బాగోగులు చూస్తుంటాను. దూరపు యంత్రమైనా ఆజ్ఞలు అవే. గుమాస్తాగారికి తేడా ఒక్కటే తెలిసింది, చప్పుడు లేదు.

ఆయన నాన్నను ఎరగరు. పోయిన రెండు ఫైళ్ళ సంగతి చెప్పిననాటి నుంచి వారానికోసారి ఫోను చేసి, 'య' తర్వాతి మాటలు రాసుకొమ్మంటున్నారు. మొన్న "సాలు" చెప్పారు. తను చెప్పినదానికీ నేరేడుచర్ల హమాలీ చెప్పినదానికీ తేడా ఉందట, వచ్చి ఇద్దరినీ విని రాసుకొమ్మన్నారు. ఆదివారం వెళుతున్నాను, కాగితం చీటీలతో.