ధర్మరాజు గుడి దగ్గర ఒక రాత్రి

బరంపురంలో స్థిరపడిన మనవాళ్ళలో మహేంద్రగిరి పేరు వినని వారుండరు. శివరాత్రికి వెళ్ళి వచ్చినవారూ చాలామందే. కానీ గుడారం మోసుకుని, పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని వెళ్ళినవారు తక్కువే అనుకుంటాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో మేం ఆ పని చేశాం.

1501 మీటర్ల ఎత్తున్న ఈ కొండ ఒకప్పుడు మన గంజాం జిల్లాలోదే. 1992 అక్టోబరు 2న ఏర్పడిన గజపతి జిల్లాలోకి వెళ్ళింది. పరశురాముడు తపస్సు చేసిన చోటని ప్రతీతి. పైన కుంతి, భీముడు, ధర్మరాజు పేర్లతో పాతకాలపు రాతి గుళ్ళున్నాయి.

అటవీశాఖ వారిని అడిగి బయలుదేరాం. నేనూ, మా ఆవిడా, ఎనిమిదేళ్ళ మా బాబూ, మా అమ్మా, టామీ. అమ్మ మడి మనిషి. ఇంట్లో టామీకి వరండా దాటి ప్రవేశం లేదు. జీపు ఆగినచోట టీ తాగుతూ బాబు ఓ బిస్కట్టు ముక్క పడేశాడు. అంతే, అక్కడి ఎర్రకుక్క మా వెంటబడింది. తరిమినా పోలేదు.

"రాత్రి కుక్కల్ని బయట కట్టకండి బాబూ! చిరుతకి కుక్కంటే మా ఇష్టం" అన్నాడు టీ కొట్టు ముసలాయన. నేను నవ్వి ఊరుకున్నాను.

ధర్మరాజు గుడి ముందు అమ్మ మనవడికి మహాప్రస్థానం కథ చెప్పింది. వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానని ధర్మరాజు ఇంద్రుడితో అన్నాడని చెబుతుంటే వాడు నోరు తెరుచుకుని విన్నాడు.

చదునైన చోట గుడారం వేశాం. కుళాయి లేదు, దీపం లేదు. చుట్టూ ఎండుగడ్డి, అందుకని నిప్పు రాజెయ్యలేదు. పులిహోర తిని పడుకున్నాం. టామీని బయట మేకుకి కట్టాను. ఎర్రకుక్క దాని పక్కనే ముడుచుకుంది.

అర్ధరాత్రి రెండూ ఒక్కసారిగా మొరిగి, అంతలోనే నోరు మూశాయి. దూరంగా గడ్డి కదిలిన చప్పుడు. నా గుండె ఝల్లుమంది. టార్చి వేసి, తాడు విప్పి టామీని లోపలికి లాగాను. వణికిపోతోంది. అమ్మ ఏమీ అనలేదు. నేను గుడారం మూసేస్తుంటే బాబు లేచి కూర్చున్నాడు.

"మామ్మా, ధర్మరాజు కుక్క కూడా ఆయన పెంచుకున్నది కాదు గదా?"

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత అమ్మ తన చాప పక్కకి జరుపుకుంది. "దాన్నీ రానీరా. తెల్లారాక తలకి పోసుకుంటాను" అంది.

ఆ వచ్చినదేమిటో మాకు తెలియదు. నేను చేసిన తప్పు మాత్రం తెలిసింది. మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. అక్కడ మనం అతిథులం. మీరెవరైనా కుక్కతో కొండలకి వెళ్ళాలనుకుంటే ముందు అనుమతి ఉందో లేదో అడగండి. టీకాలు వేయించండి, తాడు వదలకండి, రాత్రి లోపలే పడుకోబెట్టండి. అంత చోటు లేదంటారా, ఇంట్లోనే ఉంచి వెళ్ళండి.

పొద్దున్నే అమ్మ ఆ చలిలో చన్నీళ్ళు పోసుకుంది. కిందికి దిగాక ఎర్రకుక్క టీ కొట్టు దగ్గర ఆగిపోయింది. అమ్మ కొంగుముడి విప్పి, తనే ఒక బిస్కట్ల పొట్లం కొంది.