అసల్, నకల్, మధ్యలో తర్జుమా

ఇషా నమాజ్ అయ్యి, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా బేటీ ఫోన్ పట్టుకుని మూలకు చేరుతుంది. ఇంటర్ చదువుతోంది. చూసేది జపాన్ వాళ్ల యానిమే. "ఇంత పెద్దదానివయ్యావు, ఇంకా కార్టూన్లేంది?" అని నేననడం, "కార్టూన్ కాదు అబ్బూ, యానిమే" అని తను మొహం ముడుచుకోవడం రోజూ ఉండేదే. మీ ఇళ్లలోనూ ఈ ముచ్చట నడుస్తూనే ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకే వచ్చాక, ఇది ఎక్కడో జపాన్ పిల్లల ఆట అని కొట్టిపారేయడానికి కూడా లేదు.

ఒక రోజు సుల్హా చేసుకుందామని, "బొమ్మల్లో కాకుండా మనుషులతో తీసింది ఏదన్నా ఉంటే పెట్టు, నేనూ చూస్తా" అన్నాను. తను నవ్వింది. "అసలు ఝగడా అక్కడే కదా అబ్బూ" అంది.

ఆ ఝగడా ఏమిటో తెలుసుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. యానిమేని మనుషులతో మళ్లీ తీస్తే దాన్ని లైవ్ యాక్షన్ అంటారట. అవి బాగుండవని అభిమానుల షికాయత్. 2009లో హాలీవుడ్ 'డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్' తీసింది. కొండల్లో పెరిగిన అమాయకుడు గోకూని తీసుకొచ్చి అమెరికా హైస్కూల్లో కూర్చోబెట్టారు. ఆ సినిమా రాసిన బెన్ రామ్సే 2016లో అభిమానులకు బహిరంగంగా మాఫీ చెప్పుకున్నాడు. అది చూస్తే నాకు కోపం కూడా రాలేదు. మూలం మీద మొహబ్బత్ లేకుండా చేసిన పని అని పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

నన్ను ఆపింది 'కౌబాయ్ బీబాప్'. 1998 నాటి యానిమే, 26 ఎపిసోడ్లు. ఇనామ్ డబ్బుల కోసం అంతరిక్షంలో నేరస్తుల వెంట తిరిగే కొందరు ఒంటరి మనుషుల కథ. 2021 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని మనుషులతో తీసి విడుదల చేసింది. మూడు వారాలు తిరక్కుండానే, ఇక రెండో సీజన్ లేదని ప్రకటించింది. ఇందులో మొహబ్బత్ లేదనలేం. బట్టలు అవే, ఓడ అదే. సంగీతం కూడా మొదటిదానికి చేసిన యోకో కన్నోనే చేసింది. మరి ఏం తక్కువైంది?

బేటీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. కథానాయకుడు స్పైక్ పాత జీవితంలో జూలియా అనే ఆడమనిషి ఉంది. యానిమేలో ఆమె కనిపించేదే చాలా తక్కువ. ఒక వాన, ఒక మొహం, అంతే. అయినా కథ మొత్తం ఆమె లేని లోటు చుట్టూ తిరుగుతుంది. లైవ్ యాక్షన్‌లో ఆమెకు కాపురం ఇచ్చారు, పేజీల కొద్దీ మాటలిచ్చారు, పన్నాగాలిచ్చారు. చెప్పకుండా వదిలేసిన దాన్ని విప్పి చెప్పేశారు. మొదటి యానిమే దర్శకుడు షినిచిరో వతనాబే ఈ కొత్తదాని తొలి సన్నివేశం చూసి, ఇది తన బీబాప్ కాదనుకుని అక్కడే ఆపేశానని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

గీసిన మొహంలో ఉండేవి నాలుగు గీతలు. మిగతాది చూసేవాళ్లు నింపుకోవాలి. అందుకే ఆ మొహం మనదవుతుంది. మనిషి మొహం అలా కాదు, అది ముందే నిండి ఉంటుంది. దాని మీద మళ్లీ మాటలు కుమ్మరిస్తే చూసేవాడికి చేయడానికి పనేమీ మిగలదు.

ఈ మాట నాకు గుచ్చుకోవడానికి వేరే కారణం ఉంది.

మా అబ్బా రియాద్‌లో పనిచేసిన రోజుల్లో అమ్మీకి రాసిన ఖత్‌లు ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. అన్నీ ఉర్దూలోనే. నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ చేసింది తెలుగులో. నా బేటీది ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో మా దక్కనీ మాట్లాడుతుంది కానీ అలిఫ్ బే దగ్గరే ఆగిపోయింది. ఖురాన్ చదువుతుంది, దాదా చేతిరాత మాత్రం చదవలేదు. తప్పు తనది కాదు, నాది. ఆ తప్పు దిద్దుకుందామనే నిరుడు రంజాన్‌లో కూర్చుని ఆ ఖత్‌లను తెలుగు చేయడం మొదలుపెట్టాను. మొదటిది తనకిస్తే చదివి, "బాగుంది అబ్బూ" అని పక్కన పెట్టేసింది. రెండోది అడగలేదు.

బీబాప్ చూసిన రాత్రి ఆ డబ్బా తీశాను. అదే ఖత్‌ను ఉర్దూలో పైకి చదివాను. చదవడం రాకపోయినా వింటే తనకు అర్థమవుతుంది. అబ్బా రాసింది ఇంతే: ఇక్కడ ఖైరియత్. డ్రాఫ్ట్ పంపాను. అక్కడ వానలు పడ్డాయా? వంటింటి మీద పెంకులు సర్దించారా? నా తర్జుమాలో వాన మాట తర్వాత, "మీరంతా గుర్తొచ్చి మనసు భారంగా ఉంది" అని ఒక వాక్యం ఉంది. అది అబ్బా రాయలేదు, నేను కలిపాను. పిల్లకు అర్థం కాదేమోనని.

"దాదా ఈ మాట ఎక్కడన్నడు?" అని అడిగింది. నేనేం మాట్లాడలేదు. "అబ్బూ, మీరు దాదాను జూలియాను చేసేసిన్రు" అంది.

ఆ తర్వాత 'వన్ పీస్' చూశాం. ఈచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన మాంగా అది, అంటే బొమ్మల కథ. 2023 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ 8 ఎపిసోడ్లుగా తెచ్చింది. తనకు తసల్లీ అయ్యేదాకా విడుదల చేయకూడదన్న మాట ఓడా ముందే తీసుకున్నాడు. మార్పులు తక్కువేం లేవు. మూలంలో చాలా తర్వాత వచ్చే గార్ప్ మొదటి నుంచే వెంటపడతాడు. ఒక పెద్ద విలన్ కథను దాదాపు కోసేశారు. లూఫీ చేయి రబ్బరులా సాగితే మా బేటీయే నవ్వింది. కానీ నామీ అనే పిల్ల ఘట్టం వచ్చేసరికి ఇద్దరం చప్పుడు చేయలేదు. ఏళ్ల తరబడి ఊరి బరువు ఒంటరిగా మోసిన ఆ పిల్ల ఓడిపోయి సాయం అడుగుతుంది. లూఫీ ఉపన్యాసం ఇవ్వడు. ప్రాణంగా చూసుకునే తన గడ్డి టోపీ తీసి ఆమె తలమీద పెడతాడు. బొమ్మల్లో నామీ ఏడుపు మొహమంతా వంకర్లు తిరిగి ఉంటుంది. నటి మొహం అలా తిరగదు, తిరగాల్సిన పనీ లేదు. టోపీ ఉంది, అది చాలు.

జపాన్ వాళ్లే 2012లో తీసిన 'రురౌనీ కెన్షిన్' కూడా ఈ లెక్కలోదే. మళ్లీ ప్రాణం తీయనని ఖసమ్ చేసుకుని, పదును వెనక్కున్న కత్తితో తిరిగే మనిషి కథ. బొమ్మల్లో ఉన్న గాల్లో విన్యాసాలను తగ్గించి, మనుషులతో నిజంగా పోట్లాడించారు. ఖసమ్ మాత్రం వదల్లేదు. అది 2021 నాటికి 5 సినిమాలయింది.

కాబట్టి లైవ్ యాక్షన్ బాగుంటుందా అని ఇప్పుడు ఎవరన్నా అడిగితే, బాగుంటుందనే అంటాను. అన్నీ ఉంచాలని చూసేవాడి చేతిలో పాడవుతుంది, అన్నీ మార్చేవాడి చేతిలోనూ పాడవుతుంది. ఏది ముట్టుకోకూడదో తెలిసినవాడు మిగతాది ధైర్యంగా మార్చుకోవచ్చు. ఓడా బతికి ఉన్నాడు, ఇది కాదని చెప్పగలడు. మా అబ్బా లేడు.

ఆ ఖత్ మళ్లీ రాశాను. కలిపిన వాక్యం కొట్టేశాను. 'ఖైరియత్'ను క్షేమమని మార్చకుండా అలాగే ఉంచాను. అబ్బా అమ్మీని 'తుమ్' అనేవాడు. తెలుగులో 'నువ్వు' అంటే మోటుగా ఉంది, 'మీరు' అంటే దూరంగా ఉంది. రెండూ తీసేసి, ఎవరన్నది వాక్యంలోనే తెలిసేలా రాశాను. అది మార్పే. కానీ అబ్బా గొంతు పోలేదనిపించింది.

సరిచూడటానికి మిగిలింది అమ్మీ ఒక్కతే. ఖత్ వచ్చింది తనకే కదా. తనకు తెలుగు చదవడం రాదు, వింటుంది. మంచం మీద తస్బీ తిప్పుతూ కూర్చుంటే బేటీ పక్కన చేరి నా తెలుగు చదివి వినిపించింది. వాన మాట రాగానే అమ్మీ వేళ్లు ఆగాయి.

"ఉస్ సాల్ బారిష్ నై హుయీ" అంది, ఎవరి వైపూ చూడకుండా.

ఆ ఏడు వాన పడలేదట. బేటీ నా వైపు చూసి, "రెండోది ఎప్పుడిస్తరు?" అని అడిగింది.