కొండ అంచున

కంబాలకొండ ఎక్కడికీ పోలేదు. హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్క అలాగే ఉంది. ఆ మాటకొస్తే నా చిన్నప్పటి కంటే పచ్చగా ఉంది. 1970 దాకా విజయనగరం రాజుల కింద ఉన్న ఈ అడవి 2002 మార్చిలో అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఓడరేవు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం పెట్టుకున్న విశాఖ లాంటి ఊళ్లో చిరుత తిరిగే చోటు ఇంత మిగిలిందంటే గొప్పే. అడవి నిలిచింది గానీ దాని అంచు పోయింది. నాకు గుర్తొచ్చేదల్లా ఆ అంచే.

అంచు అంటే కంచె అనుకునేరు. అప్పుడు కంచె ఎక్కడ? ఇళ్లు పలచబడుతూ పోయేవి, తర్వాత జీడితోటలు, ఆ తర్వాత తుప్పలు, తుప్పల్లో మేకలు, ఇంకాస్త పైకెళ్తే చెట్లు. ఊరు ఎక్కడ అయిపోయిందో ఎవరూ చెప్పలేరు. రాత్రి రేడియో కట్టేశాక నక్కల కూతలు వినిపించేవి. పక్కింటావిడ లేచి, లాంతరు పట్టుకుని కోళ్లగూడు తలుపు ఓసారి చూసుకుని మళ్లీ పడుకునేది.

ఎండలు ముదిరాక కొండ మీంచి ఆడవాళ్లు గంపలతో దిగేవారు. ముందు ఈతపళ్లు, వెనకే కలేపళ్లు, తొలకరి పడ్డాక నేరేళ్లు, దసరా ముందు సీతాఫలాలు. కలేపళ్లని పాలడబ్బాతో కొలిచి బాదమాకు దొన్నెలో పోసేవారు. నల్లగా నిగనిగలాడే పండు చిదిమితే ఎర్రటి రసం, తొడిమ దగ్గర తెల్లటి పాలు. ఆ పాలు పెదాలకి అంటుకుంటే సాయంత్రం దాకా జిగురు వదిలేది కాదు, కొబ్బరినూనె రాసి తుడవాల్సిందే. చిల్లర లేదంటే బేరం ఆగేది కాదు. "గుంటలకి పెట్టమ్మా, రేపిద్దువులే" అని పోసేసి లేచేవారు. రేపు ఎలాగూ ఇదే దారిన దిగాలి కదా. బియ్యం ఇచ్చినా పుచ్చుకునేవారు, పాత చీర ఇస్తే గంపలో మిగిలినవన్నీ మనవే. వాళ్ల మోచేతుల దాకా ముళ్లు గీసుకున్న గీతలుండేవి. కలేముల్లు జంటముల్లు, చెంగు పట్టిందంటే చింపందే వదలదు.

అడవివరం వైపు సంగతి వేరు. అక్కడ దొరికేవి సింహాచలం సంపెంగలు, అనాసలు, పనసకాయలు. అవి పేరున్న సరుకులు, పూర్ణా మార్కెట్ దాకా వెళ్లేవి. మా వైపు దిగేవాటికి అంత పరువు లేదు, అందుకే అవి ఎప్పుడు ఆగిపోయాయో కూడా ఎవరూ పట్టించుకోలేదు.

గంపలతో పాటు కట్టెల మోపులూ దిగేవి. 1957లోనే కాల్టెక్స్ రిఫైనరీ వచ్చిన ఊరు మనది, అయినా మా వీధిలో గ్యాస్ పొయ్యి వెలగడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా మా ఇళ్లకి కొండే వండిపెట్టింది. ఆ బరువు కొండకి తక్కువేమీ కాదు. కింది వాలంతా మోకాలెత్తు తుప్పలు తప్ప చెట్టన్నది లేకుండా అయింది. అభయారణ్యం అన్నాక 1972 నాటి వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. ఎవరు పడితే వాళ్లు వెళ్లి కట్టె కొట్టుకుంటామంటే కుదరదు. అలా మూయకపోతే ఈపాటికి ఆ వాలు మీద లేఅవుట్ల రాళ్లు పడి ఉండేవి. చుట్టుపక్కల కొండల్ని మనం ఏం చేశామో చూశాక ఈ మాట అనడానికి నాకు సందేహం లేదు. మోపుకి పెట్టిన కట్టడి మంచిదే. డబ్బాడు కలేపళ్లకీ అదే కట్టడి పెట్టాలా అంటే మాత్రం నా మనసు ఒప్పుకోదు.

అంచుతో పాటు నీళ్ల తీరూ మారింది. వానాకాలం కొండ మీంచి గెడ్డలు దిగేవి, బట్టలుతికే బండలు ఉండేవి. ఇప్పుడా గెడ్డల్లో చాలావరకు సిమెంటు గోడల మధ్య మురుగు కాలవలు. ముడసర్లోవ రిజర్వాయరు ఉంది, నయమే.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా నెత్తిమీంచే తీరం దాటింది, గాలి గంటకి 180 కిలోమీటర్ల పైమాటే. మర్నాడు మేడెక్కి చూస్తే కొండ మీద ఒక్క ఆకు లేదు. ఉన్న కొమ్మలు నిప్పు తగిలినట్టు గోధుమరంగులో మాడిపోయి ఉన్నాయి. ఎన్నడూ చూడని బండలు కనిపించాయి. వాటి మధ్య, ఎప్పుడో పూడిపోయిందనుకున్న కట్టెలదారి ఏటవాలుగా బయటపడింది. పై మలుపులో మోపులు దించుకుని ఊపిరి తీసుకునే చదును బండ కూడా పోల్చుకోగలిగాను. తర్వాతి వానలకి చిగుళ్లు వచ్చి మళ్లీ కప్పేశాయి.

సియాటెల్‌లో ఉండే మా మేనల్లుడు ఆమధ్య హో వర్షారణ్యానికి వెళ్లి ఫొటోలు పంపాడు. ఒలింపిక్ కొండలకి పడమటి పక్క, ఏడాదికి మూడున్నర మీటర్ల వాన, కొమ్మకొమ్మకీ వేలాడే నాచు. మనకి పడేది మీటరు, ఆపైన చిల్లర. అక్కడి 1964 నాటి అరణ్య పరిరక్షణ చట్టం ప్రకారం అలాంటి చోట మనిషి చుట్టపుచూపుగా వచ్చి పోవలసినవాడే తప్ప కాపురం ఉండేవాడు కాదు. మన కొండలకి ఆ లెక్క ఎన్నడూ లేదు. రెండువేల ఏళ్ల కిందటే తొట్లకొండ మీద భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాననీరు పట్టుకుని బతికారు. ఇప్పుడు మనమూ కంబాలకొండకి టికెట్టు కొనుక్కుని, ఆదివారాలు, చుట్టపుచూపుగానే వెళ్తున్నాం.

గంపలు దించిన ఇళ్ల కోడళ్లు కొందరు ఇప్పుడు మధురవాడ అపార్ట్‌మెంట్లలో పనికి వస్తున్నారు. మా ఇంటికొచ్చే ఆమెదీ కొండకింద ఊరే. కలేతుప్పలు ఏ వాలున ఉండేవని అడిగాను. "నాకు తెల్దమ్మా, మా అత్తకి తెలుసు. ఏ బండ పక్కన ఏ తుప్ప ముందు పండుతాదో కూడా చెప్తాది" అంది. ఎప్పుడైనా చూపించిందా అంటే, "ఎలా చూపిస్తాది? నేనొచ్చేసరికే గేటు పెట్టేశారు కదా" అంది.